వీపు కనిపించే నాలుగు సెకన్లు

నాకు సీరియళ్ల కథలు తెలియవు. ఎవరు ఎవరి పాలల్లో మందు కలిపారో, ఎవరి బిడ్డ ఎవరింట్లో పెరుగుతోందో అడిగితే తెల్లముఖం వేస్తాను. ఏ కోడలు ఏ వారం ఏ జాకెట్ వేసుకుందో, వెనక మెడ ఎన్ని అంగుళాలు దిగిందో, డోరీ ముడి ఎక్కడ పడిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారి పక్క సందులో, ఇంటి ముందుగదిలోనే ఇరవై ఏళ్లకు పైగా జాకెట్లు కుడుతున్నాను. అందరూ టీవీలో ముఖాలు చూస్తే నేను వీపులు చూస్తాను.

అది నా తప్పు కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్ల పద్ధతి అలాంటిది. ఒకప్పుడు కొలతకు ఆది జాకెట్ తెచ్చి ముందు పెట్టి, అచ్చం ఇలాగే కుట్టమని చెప్పి పోయేవారు. ఇప్పుడు ఆది జాకెట్ కొలతల వరకే, మోడల్ టీవీలోంచి రావాలి. మిర్చి సీజన్‌లో ఊళ్ల నుంచి బస్తాలతో వచ్చిన ఆడవాళ్లు తూకం అయిపోగానే ఇటు వచ్చి, చీర నా ముందు పెట్టి, ఏడున్నర సీరియల్లో పెద్దకోడలు మంగళవారం వేసుకున్నది అని ఒక్క ముక్క చెప్పి బస్సుకు పోతారు. ఏ సీరియల్, ఏ మంగళవారం అని అడిగామా, ఈమెకు పని రాదని ఇంకో టైలర్ని వెతుక్కుంటారు. అందుకని అడగను. వాళ్ల కొంగుల్లోంచి వచ్చే మిర్చి ఘాటుకు తుమ్ముతూనే రాసుకుంటాను.

సీరియల్లో వీపు దొరకడం ఎంత కష్టమో కుట్టేవాళ్లకే తెలుసు. ఏడ్చినా నవ్వినా కెమెరా ముఖం మీదే ఉంటుంది. ఒక్క మాట అంటే చాలు, ఆ ముఖాన్నే మూడుసార్లు చూపిస్తారు. ఆమె అలిగి గదిలోకి పోయేటప్పుడో, దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడో నాలుగు సెకన్లు వెనక్కి తిరుగుతుంది. అంతే, నాకు అందులోనే అన్నీ దొరకాలి. టీవీకి పాత సెట్‌టాప్ డబ్బా ఉన్న రోజుల్లో మిషను మీది నుంచి కాలు తీసి, కళ్లజోడు సర్దుకుని తలెత్తేసరికి ఆమె మళ్లీ ఇటు తిరిగి ఏడుస్తూ ఉండేది. మిగతా అరగంట నేనూ ఏడవాల్సిందే.

కొత్త డబ్బా వచ్చాక ఆ బాధ పోయింది. దాన్ని బిగించడానికి వచ్చినాయన రిమోట్ నా చేతిలో పెట్టి, గైడ్ అని రాసి ఉన్న బటన్ ఒక్కసారి నొక్కి చూపించి, ఇంకో రెండిళ్లున్నాయని వెళ్లిపోయాడు. మిగతాదంతా నేనే నేర్చుకున్నాను. నాది ఏడో తరగతితో ఆపిన చదువు, అయినా భయపడలేదు. గైడ్ నొక్కితే రైల్వేస్టేషన్లో బోర్డు లాంటి పట్టిక వస్తుంది. ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి చానెళ్లు, పైన అడ్డంగా టైములు. కుడి బాణం నొక్కితే సాయంత్రానికి పోతాం, ఇంకా నొక్కితే రేపటికి, ఎల్లుండికి, అలా వారం దాకా పోవచ్చు. ఏ గడి మీద ఆగి ఓకే నొక్కినా ఆ ప్రోగ్రాం గురించి ఇంగ్లిష్‌లో రెండు లైన్లు, కింద రికార్డ్ అనే మాట వస్తాయి. అది నొక్కితే గడిలో ఎర్ర చుక్క పడుతుంది. ఆ ఒక్కరోజుదే కావాలా, సీరియల్ మొత్తం కావాలా అని కూడా అడుగుతుంది. డబ్బా వెనక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే చాలు, టీవీ బందు పెట్టుకున్నా, మనం ఇంట్లో లేకున్నా, టైముకు దాని పని అది చేసుకుంటుంది. ఆదివారం నేను చర్చిలో పాటలు పాడుకుని ఇంటికొచ్చేసరికి ఆరుగురు కోడళ్లు నా కోసం వరుసగా ఎదురుచూస్తుంటారు.

దాని లొసుగులూ నాకు తెలుసు. గైడ్‌లో ఏడున్నర అని ఉన్నా సీరియల్ మూడు నిమిషాలు ఆలస్యంగా మొదలై ఎనిమిది దాటాక ఆగుతుంది. అందుకని ముందు రెండు నిమిషాలు, వెనక ఐదు నిమిషాలు కలిపి పెట్టాలి. నా డబ్బాకు ఒకేసారి రెండు చానెళ్లు పట్టడం రాదు. రికార్డవుతుండగా ఎవరైనా చానెల్ మారిస్తే, రికార్డు ఆపేయమంటారా అని మర్యాదగా అడుగుతుంది. మా ఆయన క్రికెట్ కోసం అంతకంటే మర్యాదగా ఓకే నొక్కేవాడు. రెండు వారాలు చూశాను. తర్వాత నీలం గుడ్డతో రిమోట్‌కు ఒక జాకెట్ కుట్టాను. సౌండ్ బటన్ల దగ్గర మాత్రం రెండు కాజాలు తీసి, మిగతాదంతా మూసి, వెనక హుక్కులు పెట్టాను. రికార్డున్న టైములో రిమోట్ ఆ జాకెట్లోనే ఉంటుంది. ఆయన ఒకసారి విప్పబోయాడు గానీ, హుక్కులతో మగవాళ్లు నెగ్గడం నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి, గైడ్ ముందుకే చూపిస్తుంది, వెనక్కి చూపించదు. గడిచిపోయిన ఎపిసోడ్ కావాలంటే మళ్లీ ఎప్పుడు వేస్తారో వెతకాలి. వెతికితే దొరుకుతుంది. రాత్రి వేసింది మర్నాడు పొద్దున వేస్తారు, వారమంతా వేసింది ఆదివారం కలిపి వేస్తారు, బాగా ఆడినదాన్ని ఇంకొన్నాళ్లకు తమదే ఇంకో చానెల్లో మధ్యాహ్నం పూట వేస్తారు. నేను వెతికితే దొరకని ఎపిసోడ్ లేదని సందంతా చెప్పుకుంటారు, చెప్పుకునేలా నేనూ చూసుకున్నాను. కాబట్టి మొన్న మార్చిలో రఘునాథపల్లి నుంచి ఒక పెళ్లికూతురు, వాళ్లమ్మ వచ్చినప్పుడు నేను కొంచెం కూడా వెనకాడలేదు.

తల్లి నాకు పాత గిరాకీ. ఏటా మిర్చి తెచ్చినప్పుడు రెండు జాకెట్లు ఇచ్చి పోతుంది. కూతురు రావడం అదే మొదలు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. ఎండ మండిపోతుంటే మెడ చుట్టూ చున్నీ చుట్టుకుని పిన్ను కూడా పెట్టుకుంది. కొలతలకు చున్నీ తీయమన్నాను. తల్లి లేచి వీధి తలుపు వేసింది. అప్పుడు చూశాను. మెడ కింద మొదలై కుడి రెక్క ఎముక మీదుగా నడి వీపు దాకా కాలిన మచ్చ, చర్మం ముడతలు పడి గట్టిపడిపోయింది. చిన్నప్పుడు స్నానానికి కాచిన కాగులో నీళ్లు మీద పడ్డాయని అమ్మాయే చెప్పింది, ఏ కాలేజీలో చదివిందో చెప్పినంత మామూలుగా. తల్లి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

అమ్మాయికి కావలసింది ఒకటే. పెళ్లిపీటల మీద శాలువా కప్పుకోకుండా కూర్చోవాలి. అక్క పెళ్లిలో, చిన్నాన్న కొడుకు పెళ్లిలో, కాలేజీ ఫంక్షన్లలో ఎప్పుడూ ఏదో ఒకటి కప్పుకునే కూర్చుందట. తన పెళ్లిలో కూడా కప్పుకుంటే ఇక జన్మంతా కప్పుకోవడమేనని అంది. చేసుకోబోయే అబ్బాయికి మచ్చ సంగతి తనే ముందుగా చెప్పిందట. జాకెట్ మోడల్ కూడా చూసిపెట్టుకుంది. ఆదివారం బంధువులింట్లో అన్నాలు తిన్నాక టీవీలో ఏదో సీరియల్లో పెళ్లి జరుగుతోందట, పసుపు చీర కట్టుకున్నామె హారతి పళ్లెం పట్టుకుని వెనక్కి తిరిగిందట. సీరియల్ పేరు తెలియదు.

"గామె ఏసుకున్నదే కావాలె అక్కా. ఇంకోటి వద్దు," అంది.

పోయేటప్పుడు తల్లి కూతుర్ని ముందు నడవనిచ్చి గుమ్మం దగ్గర ఆగింది. నా చెయ్యి పట్టుకుని, మెడ దాకా మూసి కుట్టమని, మచ్చ రవ్వంత కూడా బయటపడొద్దని, పెళ్లికి వచ్చేవాళ్ల నోళ్లు మంచివి కావని చెప్పింది. ఇద్దరు చెప్పిందీ ఒకటే అనుకున్నాను. శాలువా లేకుండా కూర్చోవాలంటే ఆ కప్పే పనేదో జాకెట్టే చేయాలి కదా. ఫికర్ చేయకమ్మా అని ఆమెను పంపించాను.

ఇక గైడ్ ముందు కూర్చున్నాను. అమ్మాయి చెప్పినదాంట్లో పనికొచ్చేవి ఆదివారం, మధ్యాహ్నం, పెళ్లి. ఆ టైములో వారం ఎపిసోడ్లు కలిపి వేసే చానెళ్లు నాలుగు. నాలుగింటిలోనూ పెళ్లిళ్లే జరుగుతున్నాయి, ముహూర్తాలు సీరియళ్లకూ ఉంటాయి కాబోలు. సీరియల్లో పెళ్లంటే మూడు వారాలకు తక్కువ కాదు కాబట్టి అవి ఇంకా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటాయని నాకు తెలుసు. ప్రతి గడి మీదా ఆగి ఆ రెండు లైన్లూ కూడబలుక్కుని చదివాను. వెడ్డింగ్ అనే మాట ఎక్కడుంటే అక్కడ ఎర్ర చుక్క పెట్టాను. పొద్దున టీ తాగుతూ ఆ రికార్డులు తిప్పి చూసేదాన్ని. మొదటిదాంట్లో అన్నీ ఎర్ర చీరలే. రెండోదాంట్లో పెళ్లి పీటల మీద ఆగిపోయింది. మూడోదాంట్లో పసుపు చీర ఉంది, హారతి లేదు. ఒక్క జాకెట్ కోసం ఇదంతా ఏంటి, కొండను తవ్వి ఎలుకను పడతావా అని మా ఆయన నవ్వాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయనకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు, అయినా నవ్వుతాడు.

నాలుగో సీరియల్లో ఆ ఎపిసోడ్ అయిపోయింది. కానీ బాణం నొక్కుకుంటూ పోతే, వచ్చే గురువారం మధ్యాహ్నం రెండింటికి వాళ్లదే ఇంకో చానెల్లో పెళ్లి స్పెషల్ అని అదే సీరియల్ కనిపించింది. ఎర్ర చుక్క పెట్టాను. రిమోట్‌కు జాకెట్ తొడిగాను. పోతూ పోతూ కరెంటు ఆదా అని గోడ మీది స్విచ్ ఎవరూ ఆపేయకుండా దాని మీద ప్లాస్టర్ అతికించాను.

శుక్రవారం పొద్దున తిప్పి చూస్తే నేననుకున్నట్టే ఉంది. మంగళస్నానాల సీను, ఇంట్లో ఆడవాళ్లంతా పసుపు చీరలు కట్టారు. పెళ్లికూతురు హారతి పళ్లెం పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆపాను. మెడ దాకా లోపల గుడ్డ వేసిన సన్నటి నెట్, దాని నడుమ పైనుంచి కిందికి గుడ్డ చుట్టిన చిన్న చిన్న బొత్తాలు. చర్మం ఎక్కడా కనబడదు, అయినా చూపు తిప్పుకోలేం. ఫోనుతో తెరను ఫొటో తీసి, నా పుస్తకంలో తల్లి నంబరే ఉంది కాబట్టి దానికే పంపాను. అరగంటలో ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది, గిదే, గిట్లనే కుట్టు అని. పది రోజుల్లో పట్టేశాను. ఆ రోజంతా మిషను తొక్కుతూ పాటలు పాడుకున్నాను.

ఆ జాకెట్‌ను నేను మామూలుగా కుట్టలేదు. మచ్చ మీద రాపిడి లేకుండా లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేశాను. నెట్ రంగు అమ్మాయి ఒంటి రంగులో కలిసిపోవాలని మూడు దుకాణాలు తిరిగాను. ఇరవై ఒక్క బొత్తాలకు చేత్తోనే గుడ్డ చుట్టాను. వేళ్లకు సూది గుచ్చుకున్నా తిట్టుకోలేదు, నా స్వభావానికి అది పెద్ద సంగతే.

ట్రయల్‌కు ఇద్దరూ వచ్చారు. అమ్మాయి జాకెట్ తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. వెనక నేనొక అద్దం పట్టుకున్నాను. తల్లి ముఖం విప్పారింది, చాలా బాగుందని నా భుజం తట్టింది. అమ్మాయి చాలాసేపు చూసుకుంది. బొత్తాల మీద వేళ్లు పోనిచ్చింది.

"మంచిగ కుట్టినవ్ అక్కా. కని నేనడిగింది గిది కాదు," అంది.

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, ఒళ్లు మండిపోయింది. పది రోజులు వెతికి, ఎపిసోడ్ పట్టి, బొత్తాల లెక్క కూడా తప్పకుండా కుడితే కాదంటుందా. నోటితో వాదించడం దేనికి, రికార్డే ఉంది కదా అని ఇద్దరినీ లోపలి గదిలోకి తీసుకుపోయి టీవీ ముందు కూర్చోబెట్టాను. రిమోట్ హుక్కులు విప్పి, రికార్డు పెట్టి, పెళ్లికూతురు వెనక్కి తిరిగిన చోట ఆపాను. పసుపు చీర ఇదిగో, హారతి ఇదిగో, జాకెట్ ఇదిగో, నువ్వే చూసుకో అన్నాను. అమ్మాయి చూసింది. నా చేతిలోంచి రిమోట్ తీసుకుని, ఆపినదాన్ని మళ్లీ నడవనిచ్చింది.

పెళ్లికూతురు పక్కకు జరిగింది. ఆమె చేతిలోంచి హారతి పళ్లెం ఇంకొకామె అందుకుంది. నలభై ఏళ్లుంటాయి, మేనత్తో పిన్నో, సీరియల్లో పెద్దగా మాటలు లేని మనిషి. ఆమెదీ పసుపు చీరే. పళ్లెం పట్టుకుని దేవుడి వైపు తిరిగింది. అమ్మాయి అక్కడ ఆపింది. జాకెట్ వెనక మెడ వెడల్పుగా, నడి వీపు దాకా దిగి ఉంది. భుజం నుంచి కిందికి కాలిన మచ్చ, దీపాల వెలుగులో స్పష్టంగా ఉంది. నిజం మచ్చో, మేకప్పో నాకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ దాని వైపు చూడడం లేదు. వెనక ఏడుపు సంగీతం కూడా లేదు. ఆమె హారతి ఇస్తోంది, అంతే.

ఆ రికార్డు నేను నాలుగైదుసార్లు చూశాను. ప్రతిసారీ పెళ్లికూతురి దగ్గరే ఆపి వెనక్కి తిప్పాను. నాకు కావలసిన వీపు దొరికాక ఇంకో వీపు ఉంటుందని తోచలేదు. మూసి ఉన్నది కనబడగానే అదే ఈ అమ్మాయికి మంచిదని నేనే తీర్పు చెప్పేశాను. నాకే సిగ్గేసింది.

"గామె కప్పుకోలే అక్కా," అంది అమ్మాయి, తెర వైపే చూస్తూ. "కప్పుకోకుండనే ఇల్లంత తిరుగుతాంది. నాకు గట్ల కూసోవాలె."

నేను తల్లి వైపు తిరిగి, నేను పంపిన ఫొటో బిడ్డకు చూపించావా అని అడిగాను. చూపించలేదని తల అడ్డంగా ఊపింది. కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. పెళ్లి చేస్తున్నది నేను, మాట పడేది నేను అంటుందనుకున్నాను. అలా అనుంటే నా దగ్గర జవాబు ఉంది, నేనూ ఊరుకునే మనిషిని కాదు. ఆమె వేరే చెప్పింది.

"కాగు దించింది నేనే. దించి, గీడనే పెట్టి, చెంబు కోసం లోపలికి పోయిన. గంతే," అంది. మళ్లీ తనే, "దాని వీపు ఎవలు చూసినా నన్నే చూస్తాన్నట్టు ఉంటది," అంది.

ఇన్నేళ్లుగా శాలువాలు, చున్నీలు, పిన్నులు ఎవరి కోసమో అప్పుడు నాకు తెలిసింది. అమ్మాయికి కొత్తగా తెలిసినట్టు లేదు. లేచి తల్లి పక్కన నేల మీద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఏదైనా మాట్లాడితే ఏడుస్తానని, టీవీ బందు పెట్టి కత్తెర కోసం ముందుగదిలోకి పోయాను.

తిరిగి వచ్చి ఇద్దరికీ నాకు తెలిసిన పని సంగతే చెప్పాను. తెరిచి కుట్టినదాన్ని మూయాలంటే గుడ్డ చాలదు, మూసి కుట్టినదాన్ని తెరవడం మాత్రం గంట పని. నెట్‌ను కింది లైనింగ్‌తో సహా కత్తిరిస్తే సరిపోతుంది, లైనింగ్ మెత్తదే కాబట్టి అంచు కూడా గుచ్చుకోదు. బొత్తాలు కింద ఐదు మిగుల్తాయి, అవి అందంగానే ఉంటాయి. తల్లి ఒప్పుకుందో లేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. అమ్మాయి లేచి జాకెట్‌తోనే నా ముందు వీపు తిప్పి నిలబడింది. పై బొత్తాలు విప్పి నెట్‌ను రెండు పక్కలకూ మడిచి, సుద్దముక్క తీసుకుని, ఎక్కడి దాకా దించమంటావని అడిగాను.

అమ్మాయి చెయ్యి వెనక్కి పెట్టి చూపించబోయింది. అందలేదు. పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి ప్రయత్నించింది. ఎవరి నడి వీపు వాళ్లకు అందదు.

"అమ్మా, నువ్వు సూపియ్యి," అంది.

తల్లి కూర్చున్న చోటి నుంచి వెంటనే లేవలేదు. నేను సుద్ద పట్టుకుని ఆగాను. ఆమె లేచి వచ్చి కూతురి వెనక నిలబడి, మెడ కింద మచ్చ మొదలైన చోట వేలు ఆనించింది. అక్కడి నుంచి మెల్లగా, రెక్క మీదుగా, ఆ ముడతల మీదుగానే కిందికి తెచ్చింది. మచ్చ అయిపోయిన చోట కూడా ఆగలేదు, ఇంకో వేలెడు దించింది.

"గీడిదాంక," అంది.

నేను ఆమె వేలి పక్కనే టేపు పెట్టి చూశాను. తొమ్మిదిన్నర అంగుళాలు. వేలు తీస్తే సుద్దతో గీత గీస్తానని చెప్పాను గానీ, ఆమె చాలాసేపు తీయలేదు.